నీళ్ళు అయిపోతే?

1962 వేసవి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, లాన్సింగ్ ఊరు దాటాక రెండు వరసల రోడ్డు. ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ ఆ ఏడాదే బజారులోకి వదిలిన జెట్‌ఫైర్ కారులో, ఎడమవైపు స్టీరింగు పట్టుకుని మీరు కూర్చున్నారు. ముందు లారీ ఒకటి నింపాదిగా పోతోంది. సీట్ల మధ్య కన్సోల్ మీద చిన్న గేజ్ ఉంది. దాని ముల్లు ఇంకా పొదుపు వైపే ఉంది. ఎదురు రోడ్డు ఖాళీ. యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కండి.

ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత బానెట్ కింద సన్నగా ఈల మొదలవుతుంది. ముల్లు లేచి రెండోవైపు పరిగెడుతుంది. వీపు సీటుకి అదుముకుపోతుంది. లారీ వెనకచక్రం, తలుపు, డ్రైవరు మోచెయ్యి వరసగా కిటికీలోంచి వెనక్కి పోతాయి. లారీ ఇప్పుడు అద్దంలో ఉంది.

ఆ ఈల టర్బోచార్జర్‌ది. ఇంజిన్ బయటికి నెట్టే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని లోపలికి కూరుతుంది. ఇక్కడ కూరే ఒత్తిడి, అంటే బూస్ట్, 5 పీఎస్ఐ. దాంతో 215 ఘనపు అంగుళాల అల్యూమినియం వీ8, అంటే 3.5 లీటర్ల ఇంజిన్, 215 హార్స్‌పవర్ ఇస్తోంది. ఘనపు అంగుళానికి ఒక గుర్రం.

గాలిని కూరితే అది వేడెక్కుతుంది. పైగా ఈ ఇంజిన్ కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని కుదించే నిష్పత్తి, 10.25:1. అదే ఏడాది టర్బో పెట్టిన షెవర్లే కార్వెయిర్‌లో 8:1తో సరిపెట్టుకున్నారు. అలా దించితే టర్బో ఊపందుకునేలోపు బండి మందకొడిగా నడుస్తుంది. దించకపోతే ఇంకో చిక్కు. అంత వేడీ అంత ఒత్తిడీ కలిసినచోట, స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట ఇంకా చేరకముందే సిలిండర్ మూలనున్న పెట్రోలు-గాలి మిశ్రమం తనంతట తనే భగ్గుమంటుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. లోపల లోహం టకటకా మోగుతుంది. అయినా అలాగే తొక్కుతూ పోతే పిస్టన్లు చిట్లుతాయి.

మీరు తొక్కినప్పుడు ఆ టకటక వినపడలేదు. ఎందుకో తెలియాలంటే పెట్రోలు బంకులో ఆపి బానెట్ ఎత్తండి.

సెగ ముఖానికి కొడుతుంది. ఇంజిన్ నడినెత్తిన టర్బో, దానికి గాలీ పెట్రోలూ అందించే కార్బ్యురేటర్. వాటికి కాస్త ఎడంగా నాలుగున్నర లీటర్ల పైచిలుకు పట్టే ట్యాంకు. అందులోని ద్రవానికి కంపెనీ పెట్టిన పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. పేరు ఎంత ఘనమైనా లోపల ఉన్నది సగం డిస్టిల్డ్ వాటర్, సగం మిథనాల్, తుప్పు పట్టకుండా కొంచెం మందు. టర్బో పుట్టించే ఒత్తిడే ఈ ట్యాంకులోకి కూడా వచ్చి ద్రవాన్ని ముందుకి నెడుతుంది. బూస్ట్ ఉంటేనే ద్రవం, లేకపోతే లేదు. అది గాలిలో పడి ఆవిరవుతుంది. కిలో నీళ్ళు ఆవిరి కావాలంటే సుమారు 2,257 కిలోజౌళ్ల వేడి కావాలి, పెట్రోలుకైతే అందులో ఆరో వంతు చాలు. ఆ వేడిని నీళ్ళు చుట్టూ ఉన్న గాలినుంచే గుంజుకుంటాయి. మిథనాల్ తనవంతుగా చల్లబరుస్తుంది, నాకింగ్‌ని తట్టుకునే ఇంధనంగా మండుతుంది, మిషిగన్ చలికాలంలో ట్యాంకు గడ్డకట్టకుండా కూడా చూస్తుంది. నీళ్ళు సొంతంగా ఒక్క గుర్రాన్నీ పుట్టించవు. గాలిని ఇంకా కూరినా ఇంజిన్ ఓర్చుకునేలా చేస్తాయి, అంతే.

ఉపాయం పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ మెసర్‌ష్మిట్ 109 యుద్ధవిమానాలు ఎండబ్ల్యూ 50 పేరుతో ఇలాంటి మిశ్రమాన్నే ఇంజిన్లలోకి చల్లాయి. అమెరికన్ పీ-47 థండర్‌బోల్ట్‌లు కూడా ఇదే పద్ధతిలో నీళ్ళు వాడాయి. మన ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన ఆవ్రో విమానాలకి ఉండే రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజిన్లు కూడా టేకాఫ్‌లో నీళ్ళు-మిథనాల్ అందుకోగలిగినవే. కాకపోతే విమానం లేచేముందు ట్యాంకులు చూడటానికి జీతమిచ్చి మనుషుల్ని పెడతారు. జెట్‌ఫైర్ ట్యాంకు చూసుకోవాల్సింది మీరే.

ఆ ట్యాంకు ఒకరోజు ఖాళీ అవుతుంది. దీపం వెలుగుతుంది. ఇది పెట్రోలు బంకులో దొరికే సరుకు కాదు, డీలరు దగ్గరికి వెళ్ళాలి. రేపు చూద్దాంలే అనుకుంటారు. మళ్ళీ ముందొక బండి, మళ్ళీ తొక్కుతారు. ఈసారి ఈల సగంలో తేలిపోతుంది. ద్రవం లేదని పసిగట్టిన యంత్రాంగం గాలి దారిలో అదనంగా పెట్టిన కవాటాన్ని మూసి బూస్ట్‌ని కట్టడి చేసింది. ఇంజిన్‌కి ఏమీ కాలేదు. బండి స్టార్ట్ అవుతోంది, ఆఫీసుకి తీసుకెళ్తోంది, కొంచెం నీరసంగా ఉందంతే. దెబ్బ తగల్లేదు కాబట్టి తొందర లేదు. రేపు కాస్తా వచ్చే నెలయింది.

1965కి వద్దాం. డీలరు వర్క్‌షాపులో మీ జెట్‌ఫైర్ బానెట్ తెరిచి ఉంది. రెండేళ్ళలో ఇవి తయారైందే 9,607. ట్యాంకు నింపని యజమానులు, టర్బో ఎరగని మెకానిక్కులు, వాడక బిగుసుకుపోయిన భాగాలు, ఫిర్యాదుల మీద ఫిర్యాదులు. చివరికి టర్బో ఊడదీసి మామూలు కార్బ్యురేటర్ ఉచితంగా బిగించి ఇస్తామని కంపెనీయే ముందుకొచ్చింది. మెకానిక్ బోల్టులు విప్పి, టర్బోని రెండు చేతులా ఎత్తి బెంచీ మీద పెడతాడు. ద్రవం ట్యాంకుతో ఇక పని లేదు. ఆ అల్యూమినియం వీ8ని మాత్రం ఇంగ్లండ్‌లోని రోవర్ కంపెనీ కొనుక్కుని, రేంజ్ రోవర్లలో దశాబ్దాలపాటు నడిపింది.

ఇప్పుడు మన కాలానికి, దక్షిణ కాలిఫోర్నియాలో ఒక ట్యూనింగ్ షెడ్డుకి రండి. నాలుగు చక్రాలూ ఇంజిన్ శక్తిని కొలిచే డైనో రోలర్ల మీద ఉంచి, పట్టీలతో నేలకి బిగించి కట్టిన సుబారు ఎస్‌టీఐ. 2.5 లీటర్ల టర్బో, ట్రాక్ మీద మాత్రమే తిప్పే బండి. ముందు మనిషెత్తు ఫ్యాను. ఈ రాష్ట్రంలో బంకుల్లో ప్రీమియం అంటే 91 ఆక్టేన్ పెట్రోలు. బూస్ట్ పెంచుదామంటే, నాకింగ్‌ని తట్టుకునే శక్తి చాలక, ముందు అదే అడ్డొస్తుంది. అందుకే డిక్కీలో నీళ్ళు-మిథనాల్ ట్యాంకు పెట్టించారు. దాని పక్కన పంపు మన ఇళ్ళలో ఆర్వో ఫిల్టరుకి ఉండే డయాఫ్రమ్ పంపు లాంటిదే, కాకపోతే 200 పీఎస్ఐ దాకా నెట్టగలదు.

ట్యూనర్ ముందుగా ట్యాంకులో వట్టి నీళ్ళు పోస్తాడు. నాజిల్ విప్పి, బయట పట్టుకుని పంపు వేస్తాడు. మీ అరచేయి దాని ముందు పెట్టండి. ధార రాదు, చుక్క రాలదు. పొగమంచు లాంటి తుంపర చర్మాన్ని తాకి చల్లగా మాయమవుతుంది. చుక్కలు రాలితే నాజిల్ మూసుకుపోతున్నట్టే లెక్క. మిథనాల్ డబ్బా తెరిచేముందు అతను చేతికి గ్లవ్స్ వేసుకుంటాడు, మిమ్మల్ని దూరంగా జరగమంటాడు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగే విషం. పైగా అంటుకుంటే దాని మంట పట్టపగలు కంటికి సరిగా ఆనదు.

చెవులకి మఫ్స్ పెట్టుకోండి. మొదటి పరుగు స్ప్రే లేకుండా. ఇంజిన్ అరుస్తుంది, రోలర్లు గర్జిస్తాయి, నేల అదురుతుంది. తెరమీద గాలి ఉష్ణోగ్రత గీత పైకి ఎక్కుతుంటే, స్పార్క్ ఎంత ముందుగా పడుతుందో చూపే ఇగ్నిషన్ టైమింగ్ గీత కిందికి దిగుతుంది. నాకింగ్ పసిగట్టిన కంప్యూటర్ వెనక్కి తగ్గుతోంది. రెండో పరుగు స్ప్రేతో. ఉష్ణోగ్రత గీత మధ్యలోనే తల వంచుతుంది. ట్యూనర్ టైమింగ్‌ని కాస్త ముందుకి జరుపుతాడు, మళ్ళీ పరుగు, ఇంకాస్త. బూస్ట్ పెంచుతాడు. మిథనాల్ కూడా ఇంధనమే కాబట్టి మిశ్రమం చిక్కనవుతుంది, ఆమేరకు పెట్రోలు తగ్గిస్తాడు. హార్స్‌పవర్ అంకె పెరిగినప్పుడల్లా కారు ఓనరు ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాడు.

ఇంజిన్ చల్లబడేదాకా ఆగాలి. ఈ వ్యవధిలో మాట బీఎండబ్ల్యూ మీదికి మళ్ళుతుంది. 2016లో పరిమిత సంఖ్యలో చేసిన ఎం4 జీటీఎస్‌లో ఆ కంపెనీ ఇదే పని వట్టి నీళ్ళతో చేసింది. 5 లీటర్ల ట్యాంకు, 500 హార్స్‌పవర్. ఇంజిన్ ఆపగానే గొట్టాల్లోని నీళ్ళు ట్యాంకులోకి వెళ్ళిపోతాయి, చలికి గడ్డకట్టకుండా. నీళ్ళు తగ్గితే కంప్యూటరే బూస్ట్, టైమింగ్ దించుకుంటుంది. జెట్‌ఫైర్ కవాటం చేసిన పని ఇప్పుడు ప్రోగ్రాం చేస్తోంది.

"ఇక దీన్ని చెడగొడదాం," అని లేస్తాడు ట్యూనర్.

ఓనరు ముఖం వాడిపోతుంది. కానీ అసలు పరీక్ష ఇదే. టైమింగ్ ముందుకి జరిపి ఉంది, పెట్రోలు తగ్గించి ఉంది, బూస్ట్ పెంచి ఉంది. ఈ మూడూ స్ప్రే పడుతుందన్న నమ్మకం మీద చేసినవి. ఆ క్షణాన పంపు ఆగితే చల్లదనమూ పోతుంది, ఇంధనంలో కొంత భాగమూ పోతుంది. పిస్టన్ కరగడానికి ఎక్కువసేపు పట్టదు. అతను బూస్ట్ ముందు మధ్యస్థంగా పెట్టి, ఇంజిన్ అరుపు అందుకోగానే పంపు ఫ్యూజు లాగేస్తాడు.

స్వరం వెంటనే మారుతుంది. ఫ్లో సెన్సర్ ద్రవం రావట్లేదని చెప్పింది. కంప్యూటర్, పొగని టర్బోకి పోకుండా పక్కకి మళ్ళించే వేస్ట్‌గేట్ తెరిచి, 91 ఆక్టేన్‌కి రాసిన మామూలు మ్యాప్‌లోకి దూకింది. తెరమీద గీత మెట్టు దిగినట్టు కిందికి పడి అక్కడే సాఫీగా సాగింది. టకటక లేదు. బూస్ట్ పూర్తిగా పెంచి ఇంకోసారి లాగుతాడు. మళ్ళీ అదే మెట్టు, అంతే సాఫీగా.

ట్యూనర్ రెండు కాగితాలు ప్రింటు తీస్తాడు. ఓనరు చెయ్యి పెద్ద అంకె ఉన్నదాని మీదికి వెళ్తుంది. ట్యూనర్ రెండోది అతని ముందుకి జరిపి అంటాడు: "అది ట్యాంకులో నీళ్ళున్నంతసేపే మీది. ఇది ఎప్పుడూ మీదే."