గొంతులో దాగిన నిజం



హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో వున్న ఈజిప్టు మమ్మీని మీలో చాలామంది చూసే వుంటారు. అన్ని వేల ఏళ్ళ నాటి శవం తన చావు కబురు తానే చెప్పగలదా? చెప్పగలదనడానికి మూడవ రామ్సెస్ కథే నిదర్శనం.

క్రీ.పూ. 12వ శతాబ్దంలో ఈయన 30 ఏళ్ళకు పైగా ఈజిప్టును ఏలాడు. ఆయన రాణుల్లో ఒకామె పేరు తియే. కొడుకు పెంటవేరెకు పట్టం కట్టించుకోవాలని ఆమె అంతఃపురంలో కుట్ర పన్నింది. మన కైకమ్మ వరం అడిగి ఊరుకుంది. ఈమె రాజు ప్రాణానికే ఎసరు పెట్టింది! ఆ కుట్రదారుల విచారణ రాసిన పపైరస్ చుట్ట ఇటలీలోని ట్యూరిన్‌లో వుంది. ఎవరికే శిక్ష పడిందో అందులో రాశారు గాని, రాజుగారు ఎలా పోయారో తేటగా రాయలేదు.

రాజు శవం 1881లో బయటపడింది. 1886లో కట్లు విప్పారు గాని, మెడ చుట్టూ గుడ్డ అలాగే వుండిపోయింది. తర్వాత తీసిన ఎక్స్‌రేలలోనూ గాయం కనపడలేదు. ఎక్స్‌రేలో అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి కదండీ! సీటీ స్కాన్ అలా కాదు. అరటికాయ చక్రాలు తరిగినట్టు, కత్తి పెట్టకుండానే లోపలి భాగాలను పొరపొరగా చూపిస్తుంది.

ఆ ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పరిశోధకుల్లో కైరో విశ్వవిద్యాలయం రేడియాలజిస్టు సహర్ సలీమ్ అనే మహిళ కూడా వున్నారు. చూస్తే ఏముంది? రాజుగారి గొంతు సుమారు 7 సెంటీమీటర్ల మేర, ఎముక దాకా తెగి వుంది! గాయం లోపల కంటి ఆకారపు తాయెత్తు పెట్టారు. పరలోకంలోనైనా ఆ గాయం మానాలని కాబోలు. కాలి బొటనవేలు కూడా తెగివుందనీ, అది గొడ్డలి వంటి మరో ఆయుధం దెబ్బ అనీ తర్వాత తేల్చారు. అంటే మీద పడింది ఒక్కరు కాదన్నమాట.

మేకతోలు చుట్టిన పేరులేని యువకుడి శవం మరొకటి వుంది. డి.ఎన్.ఏ. పరీక్షలో వీరిద్దరూ తండ్రీ కొడుకులు కావచ్చునని తేలింది. అతడే పెంటవేరె అయివుండవచ్చునని ఊహ. పెంటవేరె తన ప్రాణం తానే తీసుకున్నాడని పపైరస్ చెబుతోంది.

కొడుకు రాజ్యం కోసం ఇంత పని చేసిన తియే చివరికి ఏమైందో మాత్రం, మిగిలిన ఏ రాతలోనూ లేదు. భర్త పోయాడు, కొడుకూ దక్కలేదు. ఆ తల్లి ఒక్క పేరుగా మిగిలిపోయింది.