మందుల చీటీలో పొరపాటు: మెషీన్ లెర్నింగ్ ఎలా పసిగడుతుంది?

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మందును వారానికి ఒక్కసారే వాడాలి. చీటీలో ‘వారానికి’ అని ఉండవలసిన చోట ‘రోజుకు’ అని పడితే ఎముక మజ్జ దెబ్బతిని, రక్తకణాల సంఖ్య పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. వ్యాధి నిర్ధారణ సరైనదే, మందూ సరైనదే. తేడా వచ్చింది ఒక్క మాటలో. ఇటువంటి పొరపాట్లను రోగికి హాని జరగకముందే గుర్తించేందుకు కొన్ని దేశాల ఆసుపత్రులు మెషీన్ లెర్నింగ్‌ను పరీక్షించాయి. దాని పనితీరు, ప్రయోజనం, పరిమితులు ఇవి.

సమస్య తీవ్రత

వైద్యపరమైన పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది మరణిస్తున్నట్లు ఆ దేశపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో అంచనా వేసింది. మందుల వాడకంలో జరిగే పొరపాట్లూ ఇందులో భాగమే. వీటి కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా 4,200 కోట్ల డాలర్ల భారం పడుతున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పేర్కొంది. మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగిన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని అప్పుడే లక్ష్యం ప్రకటించింది.

పొరపాటుకు కారణాలు అనేకం. చేతిరాత అర్థం కాకపోవడం, మోతాదులో దశాంశ బిందువు తప్పిపోవడం, కంప్యూటర్ జాబితాలో పక్క మందును ఎంచుకోవడం వాటిలో కొన్ని. పేర్ల పోలిక మరొకటి. కుంగుబాటుకు ఇచ్చే ‘బ్రింటెలిక్స్’, రక్తం గడ్డకట్టకుండా వాడే ‘బ్రిలింటా’ పేర్ల మధ్య గందరగోళం ఏర్పడటంతో అమెరికాలో మొదటిదాని పేరును 2016లో ‘ట్రింటెలిక్స్’గా మార్చారు.

నియమాల పద్ధతి

కంప్యూటర్‌లో మందులు రాసే ఆసుపత్రుల్లో హెచ్చరిక వ్యవస్థలు చాలా కాలంగా ఉన్నాయి. అవి నిపుణులు ముందుగా రాసిపెట్టిన నియమాలపై ఆధారపడతాయి. గరిష్ఠ మోతాదు దాటినా, రెండు మందులు పరస్పరం పొసగకపోయినా, రోగికి అలర్జీ ఉన్నా తెరపై హెచ్చరిక కనిపిస్తుంది.

అయితే ఈ వ్యవస్థలు అవసరం లేని చోట కూడా హెచ్చరిస్తుంటాయి. మందుల భద్రతా హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం వరకు వైద్యులు పక్కన పెడుతున్నట్లు 2006లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష తెలిపింది. పదే పదే విన్న హెచ్చరిక చివరికి చెవికెక్కదు. అసలైన ప్రమాదం కూడా ఆ రద్దీలోనే మరుగున పడుతుంది.

యంత్రం ఏం చూస్తుంది?

మెషీన్ లెర్నింగ్ వ్యవస్థ నియమాలకు బదులు పాత రికార్డులతో మొదలుపెడుతుంది. ఏ వయసు వారికి, ఏ వ్యాధికి, ఏ పరీక్ష ఫలితాలు ఉన్నప్పుడు వైద్యులు ఏ మందు రాస్తున్నారో లక్షలాది రికార్డుల నుంచి నేర్చుకుంటుంది. కొత్త చీటీ రాగానే, ఇటువంటి రోగికి ఈ మందు రాసే అవకాశం ఎంత అని లెక్కిస్తుంది. అది మరీ తక్కువగా ఉంటే హెచ్చరిస్తుంది.

ఉదాహరణకు, మధుమేహం లేని వ్యక్తికి గ్లిమెపిరైడ్ రాశారనుకుందాం. మోతాదు పరిమితిలోనే ఉంది, వేరే మందుతో వైరుధ్యమూ లేదు. కాబట్టి నియమాల వ్యవస్థ దానిని దాటనిచ్చే అవకాశం ఉంది. కానీ రోగి రికార్డులో మధుమేహం ప్రస్తావన గానీ, రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్న ఆధారం గానీ లేదని గమనించిన యంత్రం దానిని అసాధారణంగా గుర్తిస్తుంది.

పరిశోధనల ఫలితాలు

ఇజ్రాయెల్‌లోని షెబా మెడికల్ సెంటర్‌కు చెందిన ఒక జనరల్ మెడిసిన్ విభాగంలో ఇటువంటి వ్యవస్థను పరీక్షించి, 2019లో ఫలితాలను ప్రచురించారు. మొత్తం మందుల ఆదేశాల్లో 0.4 శాతానికే హెచ్చరికలు వచ్చాయి. వాటిలో 85 శాతం సరైనవిగా తేలగా, 43 శాతం హెచ్చరికల తరువాత వైద్యులు ఆదేశాలను మార్చారు. 60 శాతం హెచ్చరికలు మందు ఇవ్వడం మొదలైన తరువాత, రోగి పరిస్థితి మారినప్పుడు వచ్చాయి. చీటీ రాసిన రోజున సరైన మందు మర్నాటికి తగనిది కావచ్చని దీనినిబట్టి తెలుస్తోంది.

పరిమితులు

తరచుగా జరిగేదే సరైనదని యంత్రం భావిస్తుంది. ఇదే దాని ప్రధాన లోపం. వైరస్ వల్ల వచ్చే జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా అలా రాయడం అలవాటుగా ఉన్న చోట శిక్షణ పొందిన యంత్రం దానిలో తప్పు చూడదు. అరుదైన వ్యాధికి సరిగ్గా రాసిన మందును మాత్రం అనుమానించవచ్చు. ఒక దేశపు రికార్డులతో నేర్చుకున్నది మరో దేశపు వ్యాధులకు, మందుల మిశ్రమాలకు సరిపోకపోవచ్చు కూడా. అందువల్ల తుది నిర్ణయం వైద్యుడిదే.

భారత్‌లో పరిస్థితి

యంత్రం చదవాలంటే చీటీ కంప్యూటర్‌లో ఉండాలి. దేశంలో చేతిరాత చీటీలు నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వైద్యులు అర్థమయ్యేలా రాయాలని కోరుతూ నల్గొండకు చెందిన ఒక మందుల దుకాణదారు 2014లో హైదరాబాద్‌లోని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. మందులను జెనరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లో నిబంధన తెచ్చింది. చదవగలిగే చీటీ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ఆరోగ్య హక్కులో భాగమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2025 ఆగస్టులో స్పష్టం చేసింది.

ఆరోగ్య రికార్డులను డిజిటల్ రూపంలో అనుసంధానించే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను కేంద్రం 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ప్రారంభించింది. రికార్డులు పూర్తిగా, సరిగా నమోదైనప్పుడే ఇటువంటి యంత్రాలకు ఇక్కడి రోగుల గురించి నేర్చుకునే అవకాశం కలుగుతుంది.

అంతవరకు చివరి తనిఖీ ఫార్మసిస్టు వద్ద, రోగి వద్ద జరగవలసిందే. మందు పేరేమిటి, దేనికి ఇచ్చారు, రోజుకా వారానికా అని అడిగి తెలుసుకున్న తరువాతే మందు వేసుకోవడం మేలు.