పిల్లల్లో తీవ్ర పేగుపూత: శస్త్రచికిత్స ఎప్పుడు, ఎలా

పేగు గోడలు దీర్ఘకాలం వాచి, పుండ్లు పడే వ్యాధులను వైద్యులు ఐబీడీ అంటారు. తెలుగులో పేగుపూతగా వ్యవహరిస్తారు. వీటిలో ప్రధానమైనవి రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పురీషనాళం వద్ద మొదలై పెద్దపేగు లోపొరలను దెబ్బతీస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. నడుమ కొంత భాగాన్ని విడిచిపెడుతూ, పేగు గోడ మందమంతటా వ్యాపించగలదు. అందువల్ల మొదటిదానిలో పెద్దపేగును తొలగిస్తే వ్యాధి స్థానమే తొలగిపోతుంది. రెండోదానిలో శస్త్రచికిత్స ఉపశమనమే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

పిల్లల్లో అల్సరేటివ్ కొలైటిస్ తరచుగా పెద్దపేగు అంతటికీ పాకి ఉంటుంది. దాని తీవ్రతను ప్యూకై అనే సూచీతో 85 పాయింట్లకు లెక్కిస్తారు. 65 లేదా అంతకు మించితే ఆసుపత్రిలో చేర్చి, నరం ద్వారా స్టిరాయిడ్లు ఇస్తారు. మూడో రోజుకు సూచీ 45 దాటి ఉంటే తదుపరి చికిత్సకు ఏర్పాట్లు చేసుకుంటారు. ఐదో రోజుకూ 65 దాటి ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు మొదలుపెడతారు. అవీ ఫలించకపోతే శస్త్రచికిత్సే మార్గం. పేగుకు రంధ్రం పడినా, రక్తస్రావం అదుపు తప్పినా అంతవరకు ఆగే వీలుండదు. శస్త్రచికిత్సను ఓటమిగా భావించి వాయిదా వేయడం పిల్లలకు మేలు చేయదు: అధిక మోతాదు స్టిరాయిడ్లు, పోషకాహార లోపం కలిసి గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి, ఇన్ఫెక్షన్ల ముప్పును పెంచుతాయి.

అత్యవసర స్థితిలో సాధారణంగా మూడు దశల పద్ధతిని ఎంచుకుంటారు. మొదట పెద్దపేగును తొలగించి, చిన్నపేగు చివరను పొట్టపైకి తెచ్చి సంచి అమరుస్తారు. దీన్ని ఇలియాస్టమీ అంటారు. బిడ్డ కోలుకుని, స్టిరాయిడ్లు ఆపిన తరువాత పురీషనాళాన్ని తీసి, చిన్నపేగుతోనే లోపల ఒక తిత్తిని నిర్మించి మలద్వారానికి కలుపుతారు. చివరగా పొట్టపై మార్గాన్ని మూసివేస్తారు. ఇటువంటి తిత్తిని లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు పార్క్స్, నికోల్స్ 1978లో వివరించారు. నేడు విరివిగా వాడే జే ఆకారపు తిత్తి 1980లో జపాన్ వైద్యుడు ఉత్సునోమియా బృందం నుంచి వచ్చింది. ఆ తరువాత కూడా రోజుకు పలుమార్లు విరేచనమవుతుంది. తిత్తి వాచే పౌచైటిస్ కూడా రావచ్చు, దానికి సాధారణంగా యాంటీబయాటిక్స్ సరిపోతాయి. ఆడపిల్లల విషయంలో భవిష్యత్ సంతాన సామర్థ్యం తగ్గే అవకాశాన్ని తల్లిదండ్రులతో ముందే చర్చించాలి.

క్రోన్స్ వ్యాధిలో కత్తి పట్టేముందు భారత్‌లో మరో ప్రశ్న ఎదురవుతుంది: అది పేగు క్షయ కాదు కదా? రెండింటి లక్షణాలూ, పుండ్ల తీరూ చాలావరకు ఒకే విధంగా ఉంటాయి. ఆసక్తికరమైన విషయమేమిటంటే, ఈ పోలికే ఒక శస్త్రచికిత్సకు దారి చూపింది. ఇరుకైన పేగును కోసి పారేయకుండా, నిలువుగా చీల్చి అడ్డంగా కుట్టి వెడల్పు చేసే స్ట్రిక్చరోప్లాస్టీని క్షయ రోగుల కోసం చండీగఢ్ వైద్యుడు కటారియా బృందం 1977లో ప్రచురించింది. 1982లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన లీ దాన్ని క్రోన్స్‌కు అన్వయించారు. మళ్లీ మళ్లీ శస్త్రచికిత్స అవసరమయ్యే బిడ్డకు మిగిలిన ప్రతి అంగుళం పేగూ విలువైనదే.

చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటికే వ్యాధి పరిమితమై, ఎదుగుదల ఆగిపోయిన పిల్లల్లో ఆ భాగాన్ని తొలగించడం ఉపకరిస్తుంది. అయితే అది యవ్వనారంభ దశ ముగియక ముందే జరగాలి. ఎముకల ఎదుగుదల పూర్తయ్యాక కోల్పోయిన ఎత్తు తిరిగి రాదు. కుట్టిన చోట వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ కనుక, 6 నుంచి 12 నెలల్లోగా కొలనోస్కోపీ చేస్తారు. ఆరేళ్లలోపు పిల్లల్లో కొందరికి జన్యులోపమే మూలం. ఐఎల్-10 గ్రాహక లోపం ఉన్నవారికి పేగు తొలగింపుతో వ్యాధి నయం కాదు, మూలకణ మార్పిడి అవసరమవుతుంది.

ఇలియాస్టమీ ఉన్న బిడ్డ సంచితోనే బడికి వెళ్లవచ్చు, ఆడుకోవచ్చు. అయితే పెద్దపేగు లేనందున నీరు, ఉప్పు త్వరగా కోల్పోతారు. ముఖ్యంగా వేసవిలో మంచినీళ్లు మాత్రమే తాగిస్తే చాలదు, ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. సంచి తరచుగా నిండుతూ మూత్రం తగ్గినట్లు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.