మార్లవాయి పలక నుంచి రాయ్ సెంటర్ దాకా



ఆదిలాబాద్ అడవుల్లో చదువు అనగానే మనకు ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు, బడి సంచి భుజాన వేసుకున్న పిల్లలు గుర్తొస్తారు. కానీ మన గోండు గూడేల్లో చదువు పనిలా మొదలైనప్పుడు ముందుగా పలక ముందు కూర్చున్నది చిన్న పిల్లలు కాదు, ఎదిగిన యువకులు. వాళ్ళను కూర్చోబెట్టిన అవసరం భూమి. ఆ సంగతి తెలిస్తే సంఘం అన్న మాటకు మనవాళ్ళు ఏ అర్థం ఇచ్చుకున్నారో మీకు తెలుస్తుంది.

నిజాం కాలంలో అడవికి సర్కారు హద్దులు గీసింది. తరతరాలుగా దున్నుకుంటున్న చేను ఒక్కరోజులో రిజర్వు ఫారెస్టు అయిపోయింది. పట్టా అంటే ఏమిటో, రసీదులో ఏం రాశారో, ఆ అంకె ఎంతో చదవగలిగినవాడు గూడెంలో ఉండేవాడు కాదు. కాగితాలు ఉర్దూలో, మరాఠీలో ఉండేవి. మనది గోండి. దున్నేది ఒకరు, పట్టా ఇంకొకరి పేరు మీద. సాహుకారు చెప్పిందే లెక్క, పట్వారీ రాసిందే హద్దు. కుమ్రం భీం చాందా వైపు వెళ్ళి ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ చదవడం రాయడం నేర్చుకున్నాడని పెద్దలు చెప్పుకుంటారు. అదే నిజమైతే మన పోరాటానికి నాయకుడు కూడా వయసొచ్చాక అక్షరాలు దిద్దినవాడే. జల్, జంగల్, జమీన్ అన్న ఆయన 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వానికి అసలు ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలనిపించింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను ఆ పని మీద పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉంటూ గోండి నేర్చుకున్నారు. 1943లో అక్కడ గోండు విద్యా పథకం మొదలైంది. ముందు ఎదురైన చిక్కు ఏమిటంటే, పాఠం చెప్పడానికి గోండు పంతులు లేడు. బయటి పంతులు వస్తే మన భాష రాదు, అడవిలో నిలవడు. అందుకని మరాఠీ కొద్దోగొప్పో వచ్చిన గోండు యువకులను పోగుచేసి మార్లవాయిలో శిక్షణ ఇచ్చారు. వాళ్ళే పంతుళ్ళయ్యారు. వాచకాలు గోండిలోనే, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. దేవనాగరి ఎందుకంటే మరాఠీ అక్షరాలు మన ప్రాంతంలో అప్పటికే కొందరికి తెలుసు. గోండిలో చదవడం వచ్చాక మిగతా భాషల్లోకి వెళ్ళడం తేలిక.

ఆ శిక్షణ కేంద్రం నుంచి పంతుళ్ళే కాదు, పట్వారీలు, ఫారెస్టు గార్డులు కూడా వచ్చారు. నా మటుకు నాకు మొత్తం కథలో ఇదే అన్నిటికన్నా పెద్ద విషయం. నిన్నటిదాకా ఎవరి కాగితానికి భయపడ్డామో ఆ కాగితం రాసే చేయి మన చేయి అయింది. అదే కాలంలో భూములకు పట్టాలూ వచ్చాయి. లక్షన్నర ఎకరాలకు పైగా భూమి పదివేల మందికి పైగా ఆదివాసులకు దక్కిందని హైమండార్ఫ్ రాసిన లెక్క. అక్షరం, భూమి కలిసి వచ్చాయి కాబట్టే గూడెం ఆ బడిని తనదనుకుంది. ఉత్త అక్షరాలే తెచ్చి ఉంటే ఎవరు పట్టించుకునేవాళ్ళు?

కానీ ఆ పథకం నిలబడింది కొద్దిమంది అధికారుల ఇష్టం మీద. సేతుమాధవరావు పగడి లాంటివాళ్ళు గోండి నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. అటువంటి అధికారి ఎప్పుడూ ఉండడు కదా. 1948లో సంస్థానం పోయింది. 1956లో రాష్ట్రాలు మారాయి, కాగితాల భాష తెలుగు అయింది. గోండి వాచకాలు మూలన పడ్డాయి. రోడ్లు వేశాక మైదానం నుంచి వలసలు పెరిగాయి, పట్టా ఉన్న భూమి కూడా చేతులు మారింది. ఆదివాసుల భూమి బయటివాళ్ళకు పోకూడదన్న 1959 రెగ్యులేషన్ తెలంగాణకు వచ్చేసరికి 1963 అయింది. దానికి పదును పెట్టిన 1/70 ఇంకా ఆలస్యం. భూమి కోసం జనం గుమిగూడిన 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు 13 మంది. మనవాళ్ళ లెక్క అంతకన్నా చాలా ఎక్కువ.

ఇంద్రవెల్లికి కొన్నేళ్ళ ముందే, 1970ల చివర, మన పాత పంచాయతీ పద్ధతిని మళ్ళీ నిలబెట్టే పని మొదలైంది. అవే ఇప్పటి రాయ్ సెంటర్లు. కొన్ని గూడేలను కలిపి ఒక సెంటర్, పెద్దగా సార్‌మేడి, గూడెంలో పట్లా, పూజకు దేవారి. వీటిని తగువులు తీర్చే చోటనే చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ కూర్చున్నవాడు చట్టం వింటాడు, హద్దు తగాదా ఎలా తేలుతుందో చూస్తాడు, పెళ్ళి ఖర్చు ఎంత మించకూడదో మాట్లాడతాడు. మాట అంతా గోండిలోనే. కేస్లాపూర్ నాగోబా జాతరలో జరిగే దర్బారు కూడా అంతే. ఏడాదికోసారి అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి అడగడం నేర్పిన చోటు అది.

దాదాపు అదే సమయంలో, 1978 అక్టోబర్ 2న, దేశమంతటా వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. రాత్రి బడులు, లాంతర్లు, తెలుగు వాచకాలు. మైదానంలో సంగతి వేరు. గోండి తప్ప ఇంకోటి ఇంట్లో వినని తల్లికి పొద్దంతా చేనులో పనిచేసి వచ్చాక తెలియని భాషలో తెలియని అక్షరం నేర్పాలనుకోవడం ఎంత బరువో ఆలోచించండి. సంతకం నేర్పితే చాలనుకున్నారు. మార్లవాయి అనుభవం ముప్పై ఏళ్ళ కిందటే చేతిలో ఉండగా దాన్ని ఎందుకు తీసుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఒక మాట మనవాళ్ళకూ చెప్పాలి. మార్లవాయి కథ ఎక్కువగా మగవాళ్ళ కథ. రాయ్ సెంటర్‌లో కూర్చునేదీ ఎక్కువగా మగవాళ్ళే. ఆడవాళ్ళు నలుగురిలో లెక్క చెప్పడం పొదుపు సంఘాల్లోనే మొదలుపెట్టారు. ఉట్నూరులో మన మహిళలు సహకార సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సరుకు ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్నది వాళ్ళే చూసుకోవాలి. ఏ వాచకం నేర్పని గణితం అది.

భాష కూడా అలాగే తిరిగి వస్తోంది. నార్నూర్ మండలం గుంజాలలో పాత చేతిరాతలు బయటపడి, గోండికి తనదైన లిపి ఉందని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. దాదాపు 30 లక్షల మంది మాట్లాడే భాష మనది. ఫోన్‌లో ఆ అక్షరాలు రాయడం ఇప్పుడు సాధ్యమే, రాసేవాళ్ళే తక్కువ.

ఇక మీ చేతిలో ఉన్న పని. 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది. అందులో 10 నుంచి 15 మంది, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. పెద్దలు నోటితో చెప్పిన సాక్ష్యాన్ని రాసి పెడితే దాన్ని రుజువుగా తీసుకోవచ్చని ఆ చట్టం నియమాల్లోనే ఉంది. చెప్పగలిగిన పెద్దలకు రాయడం రాదు. మీకు గోండి వినడం వచ్చు, తెలుగు రాయడం వచ్చు. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పట్లా పక్కన ఒక నోటుబుక్కుతో కూర్చోండి. ఊరి హద్దుల పేర్లతో మొదలుపెట్టండి. ఏ వాగు, ఏ గుట్ట, ఏ ఇప్పచెట్టు, పెర్సా పేన్ ఎక్కడ, పాత గూడెం ఎక్కడ ఉండేది, అక్కడి నుంచి ఎందుకు లేచిపోయారు. చెప్పినవాళ్ళ పేరు, వయసు, తేదీ రాయండి. రాసింది వాళ్ళకు గోండిలో చదివి వినిపించాకే వేలిముద్ర వేయించండి.