డ్యూక్‌లో మేరీ లూ విలియమ్స్

అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల జాజ్ బృందాలతో కలిసి వాయించడానికి పేరున్న కళాకారుల్ని పిలవడం మామూలే. ఆ పిలుపు చాలాకాలం మగవాళ్ళకే. ఆడవాళ్ళకు మిగిలింది పాట. అందుకే మేరీ లూ విలియమ్స్ గురించి చెప్పుకోవాలి.

1977లో డ్యూక్ విశ్వవిద్యాలయం ఈ నల్లజాతి పియానిస్టుని ఆస్థాన కళాకారిణిగా తీసుకుంది. అప్పటికి ఆమెకు 67 ఏళ్ళు. కాలేజీ డిగ్రీ లేదు. 1963 దాకా నల్లజాతివాళ్ళని అండర్‌గ్రాడ్యుయేట్ తరగతుల్లో చేర్చుకోని చోట జాజ్ చరిత్ర బోధించింది, విద్యార్థుల బృందాన్ని నడిపించింది. 1930ల్లో ఆండీ కర్క్ బ్యాండుకి బాణీలు రాసిందీ, తర్వాత థెలోనియస్ మాంక్, బడ్ పవెల్ లాంటివాళ్ళకి దారి చూపిందీ ఈమే. అయినా ఆమెకు దక్కిన మెచ్చుకోలు, 'మగాడిలా వాయిస్తుంది' అని! మన రచయిత్రులు ఈ మాట వినలేదా?

1981లో చనిపోయేదాకా డ్యూక్‌లోనే ఉంది. 1983లో అక్కడి నల్లజాతి సంస్కృతి కేంద్రానికి ఆమె పేరు పెట్టారు.