నొప్పులు రాకముందు: ఇంటి కాన్పు ఏర్పాట్ల చరిత్ర

'మంత్రసాని పని ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని మనకో సామెత ఉంది. ఇష్టం లేని పని నెత్తిన పడ్డప్పుడల్లా ఇంట్లో, ఆఫీసులో అందరం వాడేస్తుంటాం. ఆ మాటలో మంత్రసాని మీద కాస్త జాలి ఉంది, బోలెడంత ఈసడింపు ఉంది. ఆమెకి ఏం తెలుసో తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం లేదు. నొప్పులు పడే స్త్రీ పక్కన రాత్రంతా కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పగలిగిన మనిషి మన భాషలో చివరికి మైల పట్టే రెండు చేతులుగా మిగిలింది.

నేను ముప్ఫై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. యుద్ధాలకి రాజులు చేసిన ఏర్పాట్లు మన పాఠ్యపుస్తకాల్లో పేజీలకి పేజీలు ఉంటాయి. ఎన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు, ఎంత ధాన్యం! కాన్పుకి స్త్రీలు చేసుకున్న ఏర్పాట్ల గురించి ఒక్క వాక్యం ఉండదు. కాన్పంటే ప్రకృతి చేసే పని, దానికి చరిత్ర ఏముంటుందన్న ధోరణి. కానీ ముందుగా ఏర్పాటు చేసుకోవడమంటే, ఏం జరగొచ్చో తెలిసి ఉండటం. అది జ్ఞానం. దాన్ని ఎవరు కూడబెట్టారు, ఎవరు లాక్కున్నారు, చివరికి ఎవరి చేతిలో లేకుండా పోయింది అన్నది చరిత్రే.

నాకు ఈ ఆలోచన పుట్టడానికి కారణం ఇంగ్లండులో ఉంటున్న మా చెల్లెలి కూతురు. రెండో కాన్పు ఇంట్లోనే జరగాలని నిర్ణయించుకుంది. "పెద్దమ్మా, అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అమ్మమ్మ మీ ముగ్గుర్నీ ఇంట్లోనే కన్నది కదా, నేనైతే తప్పేమిటి?" అని అడిగింది. తప్పని అనలేకపోయాను. అమ్మమ్మా కన్నది కదా అని ధైర్యమూ చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ రెండు ఇళ్లూ ఒకటి కాదు.

మా అమ్మ కాన్పులు 1950ల చివర్లో, 60ల మొదట్లో, గుంటూరు జిల్లాలోని మా అమ్మమ్మగారి పల్లెలో జరిగాయి. ఏడో నెలలో పుట్టింటికి తీసుకొచ్చారు. పశువుల కొట్టం వైపున్న చీకటి గది అలికి సిద్ధం చేశారు. నులక మంచం, ఉతికి ఎండబెట్టి మడతపెట్టిన పాత చీరలు, ఆముదం, నీళ్లు కాగడానికి కట్టెలు, పొగ వెయ్యడానికి వేపాకు, సాంబ్రాణి. కాయానికి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, బెల్లం ముందే దంచి ఉంచారు. ఇదంతా చదువురాని అమ్మమ్మ ఏ కాగితమూ చూడకుండా చేసింది. ఎన్నో నెలకి ఏది సిద్ధం కావాలో ఆమెకి కొట్టినపిండి.

కానీ అదే జాబితాలో బొడ్డు కోసే కొడవలి కూడా ఉంది. కోసిన చోట అద్దే బూడిద ఉంది. గాలి రాకుండా మూసిన కిటికీ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ జాబితాలో ఒక మనిషి ఉంది. మంగలి కులానికి చెందిన ఆమె మా ఇంట్లో రెండు తరాల పిల్లల్ని తన చేతుల్లోకి తీసుకుంది. కూలి కొలిచిన వడ్లు, ఒక చీర, తలకి నూనె. మగపిల్లాడైతే ఇంకాస్త. పురుడు వెళ్లాక మా గడప దాటి లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. మా అమ్మకి తన ముగ్గురు పిల్లలు పుట్టిన ఘడియలు గుర్తున్నాయి, ఆమె పేరు మాత్రం తెలియదు.

మా అమ్మ అక్క 1954లో ఆ గదిలోనే చనిపోయింది. బిడ్డ పుట్టింది, మాయ పడలేదు, రక్తం ఆగలేదు. ఎడ్లబండి కట్టేలోపే అంతా అయిపోయింది. నేరం మంత్రసాని మీదే పడింది. పదహారేళ్ల పిల్లకి రెండో కాన్పు ఎందుకు వచ్చిందని గానీ, వానాకాలంలో బండి కదలని దారి ఎవరి తప్పని గానీ ఎవరూ అడగలేదు. ఇంటి కాన్పు అనగానే మా చెల్లెలు బెంబేలెత్తడానికి కారణం ఈ కథే.

మంత్రసానిని నేరస్తురాలిని చెయ్యడం మా ఇంట్లో మొదలైంది కాదు. దానికి వలసపాలన కాలం నాటి పెద్ద చరిత్రే ఉంది. మద్రాసులో కాన్పుల ఆసుపత్రి 1844లో మొదలైంది. 1885లో లేడీ డఫరిన్ పేరుతో నిధి ఏర్పడి స్త్రీలకి స్త్రీ వైద్యుల్ని అందించే పని తలపెట్టింది. 1903లో లేడీ కర్జన్ చొరవతో విక్టోరియా స్మారక నిధి వచ్చి దాయీలకి శిక్షణ ఇవ్వబోయింది. 1918లో ఆ నిధి తరఫున వచ్చిన నివేదికలోనూ, 1927లో కేథరిన్ మేయో రాసిన 'మదర్ ఇండియా'లోనూ దాయీ అంటే మురికి, మొండితనం, మృత్యువు. ఆ రాతల్లో వర్ణించిన మరణాలు అబద్ధం కాదు. కానీ బిడ్డ పుట్టిన రక్తాన్ని మైల అన్నదీ, ఆ మైలని కొన్ని కులాల స్త్రీల చేతికి అప్పగించిందీ, ఆ చేతులకి చదువు, సబ్బు అందకుండా చేసిందీ ఎవరన్న ప్రశ్న వాటిలో వెనక్కి పోయింది. కులం చేసిన అన్యాయానికి శిక్ష ఆ కులంలో పుట్టిన స్త్రీకే పడింది.

మురికి చెయ్యి ఒక కులానిదో దేశానిదో కాదని యూరప్ అనుభవమే చెబుతుంది. 1840లలో వియన్నా ఆసుపత్రిలో మంత్రసానుల వార్డులో కన్నా డాక్టర్ల వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోయేవారు. శవాల్ని కోసిన చేతులతోనే డాక్టర్లు, విద్యార్థులు కాన్పులు చెయ్యడం దీనికి కారణమని సెమ్మెల్‌వైస్ 1847లో గ్రహించాడు. చేతులు కడుక్కోమంటే పెద్ద డాక్టర్లకి కోపం వచ్చింది. అయినా డాక్టరు వృత్తిని ఎవరూ రద్దు చెయ్యలేదు, చేతులు కడుక్కోవడం నేర్పారు. ఇంగ్లండు 1902లో చట్టం చేసి మంత్రసానికి శిక్షణ, రిజిస్ట్రేషన్, గౌరవం ఇచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది గానీ, ఊళ్లో వడ్లు తీసుకుని పురుడు పోసే ఆమెకి ఆ రిజిస్టరు అందనంత దూరంలో ఉండిపోయింది.

స్వాతంత్ర్యానికి ముందటి సంవత్సరం భోర్ కమిటీ చెప్పిన లెక్క, వెయ్యి కాన్పులకి ఇరవైమంది తల్లుల మరణం. ఈ అంకె ముందు పాత రోజులే బాగున్నాయని ఎవరూ అనలేరు. 1977 తర్వాత గ్రామీణ ఆరోగ్య పథకం కింద దాయీలకి ముప్ఫై రోజుల శిక్షణ, ఒక కిట్ ఇచ్చారు. తర్వాత 'అయిదు శుభ్రతలు' వచ్చాయి. శుభ్రమైన చేతులు, శుభ్రమైన పరుపు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ అద్దని శుభ్రమైన బొడ్డు. చిన్న పొట్లంలో సబ్బుముక్క, ప్లాస్టిక్ గుడ్డ, కొత్త బ్లేడు, దారం. మా అమ్మమ్మ జాబితాలోంచి కొడవలినీ బూడిదనీ తీసేసిన జాబితా ఇది. దీనికి ధనుర్వాతం టీకాలు తోడయ్యాయి. పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు 2003లో ఆంధ్రప్రదేశ్‌కి గుర్తింపు వచ్చింది, 2015లో దేశం మొత్తానికి వచ్చింది. గమనించాల్సిందేమిటంటే, 2003 నాటికి మన పల్లెల్లో ఎన్నో కాన్పులు ఇళ్లలోనే జరుగుతున్నాయి. అంటే ఇంటి ఏర్పాట్లని బాగుచెయ్యడం సాధ్యమే అయింది. అయితే ఆగని రక్తానికి, అడ్డం తిరిగిన బిడ్డకి పొట్లంలో మందు లేదు. దానికి ఆసుపత్రి, రక్తం, బండి కావాలి.

2005లో జననీ సురక్ష యోజన ఆసుపత్రి కాన్పుకి డబ్బిచ్చింది. అదే ఏడాది మన రాష్ట్రంలో 108 బండి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2018-20లో లక్ష కాన్పులకి తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రలో 45. మా పెద్దమ్మ లాంటి ఎంతోమంది బతికారు. ఈ విజయాన్ని తక్కువ చెయ్యడానికి నాకు నోరు రాదు.

కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కోతలే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఇప్పుడు కాన్పుకి ఏర్పాట్లంటే ముహూర్తం, గది అద్దె, అప్పు. నొప్పులు ఎలా మొదలవుతాయి, ఎప్పుడు కంగారుపడాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్న తెలివిడి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరా లేదు, కనబోయే పిల్ల దగ్గరా లేదు. స్త్రీ శక్తి సంఘటన 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మన శరీరం గురించి మనమే తెలుసుకోవాలన్నది మన ఉద్యమంలో ఒక ముఖ్యమైన మాట. కాన్పు విషయంలో ఆ మాటని మధ్యలో వదిలేశామనిపిస్తుంది.

మా అమ్మాయి తన ఏర్పాట్ల కాగితం పంపింది. ప్లాస్టిక్ పరుపులు, పాత తువ్వాళ్లు, వేడినీళ్లు, వెలుగు సరిగా ఉండే దీపం. సగం మా అమ్మమ్మ జాబితాయే! మిగతా సగం వేరు. నొప్పులు మొదలవగానే రావడానికి ఇద్దరు ప్రభుత్వ మిడ్‌వైఫులు, రక్తం ఆపే ఇంజెక్షను, బిడ్డకి ఊపిరందించే పరికరం. తలుపు పక్కన ఎందుకైనా మంచిదని సర్దిపెట్టిన ఆసుపత్రి సంచీ. అంబులెన్సుకి పట్టే సమయం నిమిషాల్లో రాసి ఉంది. ఏయే లక్షణం కనిపిస్తే ఇల్లు వదిలి వెళ్లాలో ముందే ఒప్పుకుని రాసుకున్నారు.

ఆ దేశంలో ఈ హక్కు ఊరికే రాలేదు. 1960లో మూడో వంతు కాన్పులు అక్కడ ఇళ్లలోనే జరిగేవి. 1970లో ప్రభుత్వ కమిటీ ఒకటి నూటికి నూరూ ఆసుపత్రిలోనే జరగాలంది. స్త్రీలూ మిడ్‌వైఫులూ పోరాడి ఎంచుకునే వీలుని మళ్లీ సంపాదించారు. ఇంగ్లండులో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, చిక్కుల్లేని గర్భిణులకి రెండో కాన్పు నుంచి ఇంట్లోనైనా బిడ్డకి ప్రమాదం పెరగలేదు. తొలి కాన్పులో మాత్రం ఇంట్లో ప్రమాదం కొంత ఎక్కువే, పైగా నూటికి 45 మందిని మధ్యలో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. మా అమ్మాయికి నేను చెప్పింది ఇదే: "నీకు ఇది రెండోది, వెనక ఆసుపత్రి ఉంది, చదువుకున్న మంత్రసాని ఉంది. అందుకే సరేనంటున్నాను. అమ్మమ్మని సాక్ష్యం పిలవకు." బిడ్డ ఇంట్లోనే పుట్టింది. అది ఆ ఏర్పాట్లు చేసిన పని.

ఏర్పాట్లు లేని ఇంటి కాన్పు ఎలా ఉంటుందో మన పక్క రాష్ట్రాలు చూపించాయి. 2018లో తిరుప్పూరులోనూ, 2025 ఏప్రిల్‌లో మలప్పురం జిల్లాలోనూ ఇంట్లో కాన్పు ప్రయత్నించి ఇద్దరు స్త్రీలు చనిపోయారు. రెండోచోట అది అయిదో కాన్పు, భర్తని అరెస్టు చేశారు. 'సహజం' అనే మాటని మగవాడు సిద్ధాంతంగా పట్టుకున్నప్పుడు ఇల్లు స్త్రీది కాకుండా పోతుంది. మరోవైపు మన ఏజెన్సీ గూడేల్లో దారిలేక ఇంట్లోనే కన్న ఆదివాసీ స్త్రీ ప్రభుత్వ లెక్కల్లో వైఫల్యం కింద జమ అవుతుంది. నొప్పులతో ఉన్న మనిషిని డోలీలో మోసుకెళ్లే వార్తలు చదువుతూనే ఉన్నాం. నగరంలో చదువుకున్న స్త్రీ చేస్తే ఎంపిక, కొండ మీద స్త్రీ చేస్తే వెనకబాటుతనం!

తెలంగాణలో 2017 నుంచి నర్సులకి మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ మొదలైంది. 2018లో కేంద్రం కూడా దానికి మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. కాకపోతే ఆ కొత్త తెల్లకోటు మంత్రసానికీ, మా ఇంట్లో పేరు లేకుండా పోయిన ఆమెకీ మధ్య ఉన్న బంధుత్వాన్ని కూడా పాఠంలో చేర్చాలి. ఊళ్లలో ఇంకా బతికి ఉన్న ముసలి మంత్రసానులు ఉన్నారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఎలా గుర్తుపట్టేవారో, ఎప్పుడు చేతులెత్తేసి బండి కట్టమనేవారో, చేసిన పనికి ఎవరు ఏమిచ్చారో, ఎవరు ఏమీ ఇవ్వలేదో వాళ్లని అడిగి రాసుకోవాలి. వాళ్లతో మాట్లాడేటప్పుడు మొట్టమొదట అడగాల్సింది పేరు.