వంటింట్లో రెండో మనిషికి చోటు

ఇల్లు బాగు చేయించుకునే వాళ్ళ నోట ఇప్పుడు ఒకటే మాట, ఓపెన్ కిచెన్. గోడ తీసేస్తే వంట చేసే మనిషి ఒంటరి కాదంటారు. అసలు ఆ ఒంటరితనం ఎలా వచ్చిందో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది.

మన మాడ్యులర్ కిచెన్‌కి అమ్మమ్మ లాంటి వంటిల్లు 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. గీసింది కూడా ఆడమనిషే, మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్. నగరం కట్టించిన మామూలు కుటుంబాల ఇళ్ళ కోసం, రైల్లో ఉండే వంటగదిని చూసి నేర్చుకుని గీసింది. సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. కూర్చుని కూరలు తరిగే బల్ల, పప్పులూ బియ్యమూ పోసుకునే అల్యూమినియం సొరుగులు, అన్నీ చేతికందేలా. అలాంటివి దాదాపు 10,000 కట్టారు.

ఆడవాళ్ళకి నడక, శ్రమ తగ్గాలన్నది ఆవిడ కోరిక. అది తీరింది కూడా. కానీ ఆ ఇరుకులో ఒక్కరే పనిచేయగలరు. ఆ ఒక్కరూ ఎవరో మనకి తెలిసిందే! పక్క గదిలో ఆడుకునే పిల్లల్ని చూసుకోవడానికి తలుపు పెట్టారు గానీ, సాయానికి వచ్చేవాళ్ళు నిలబడే చోటు పెట్టలేదు. తర్వాతి కాలంలో స్త్రీవాదులు తప్పుపట్టింది దీన్నే.

అందుకే నాకనిపిస్తుంది, గోడ తీసినంత మాత్రాన సరిపోదని. హాల్లో వాళ్ళకి మనం కనిపిస్తాం, అంతే. మేస్త్రీకి కొలతలిచ్చేటప్పుడు ఇద్దరు పక్కపక్కన నిలబడి చూడండి. ఒకరు పోపు వేస్తుంటే రెండోవారు గిన్నెలు తోమగలగాలి. ఆ రెండోవారు మగవారైతే మరీ మంచిది.